నుషానాయి నదికి ఆవల: కుమగయి షిజుయే గారి ముప్ఫై ఎనిమిదేళ్ల పటం

1984వ సంవత్సరం ఏప్రిల్ 2వ తేదీ, సోమవారం ఉదయం, రేవులో సముద్రపు మంచుపలకలు ఇంకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న వేళ, ఇరవై రెండేళ్ల కుమగయి షిజుయే గారు మన షిరబెత్సు తీరప్రాంత జీవజాల పరిశీలనా కేంద్రంలో క్షేత్ర సహాయకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. నేడు, 2022 మార్చి 31న, అదే కేంద్రం నుంచి ఉభయచర విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్యనున్న ముప్ఫై ఎనిమిదేళ్లలో ఇరవై ఆరేళ్లు ఆమె సహోద్యోగిగా పనిచేసే భాగ్యం నాకు దక్కింది. ఈ ప్రత్యేక సంచికకు, ఈ సాయంత్రపు వీడ్కోలు విందులో చదవడానికి నాలుగు మాటలు రాయమని సహోద్యోగులు కోరినప్పుడు సంతోషంతో పాటు కొంత భయం కూడా కలిగింది. ఆ భయానికి కారణం ఈ వ్యాసంలోనే మనవి చేసుకుంటాను.

ఆమె చేరిన రోజున నాటి సంచాలకులు కీర్తిశేషులు ఇవబుచి గారు ఒక పెన్సిలు, కిలోమీటరుకొక గడి చొప్పున గీసిన తెల్లని పటాల కట్ట ఆమె చేతికిచ్చి, "మన తీరం పొడుగునా సాలమాండర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి చుక్క పెట్టుకుని రా తల్లీ" అన్నారట. చెప్పడానికి ఒక్క వాక్యమే. చేయడానికి ఒక జీవితం పట్టింది. ఏడాది పొడుగునా అడవిలో కుళ్లిన ఆకుల కింద దాగి ఉండే బల్లిలాంటి ఆ మూగజీవులు మంచు కరిగే ఆ మూడు నాలుగు వారాల్లో మాత్రమే మడుగుల దగ్గరికి వస్తాయి. నీట మునిగిన కొమ్మలకు చుట్టలు చుట్టిన పారదర్శకమైన గుడ్ల సంచులను జతలు జతలుగా తగిలించి వెళ్లిపోతాయి. ఆ సంచులే మనకు సాక్ష్యం. కనుక ప్రతి వసంతంలోనూ, ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా నడుముకు గంట కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మంచునీళ్లలో మోచేతుల దాకా చేతులు ముంచి, గడి తరువాత గడిగా ఆ తీరాన్ని ఆమె వెతుకుతూ పోయారు.

ఆ తొలి సంవత్సరాల ముచ్చట ఒకటి ఆమె భర్త యసుయుకి గారు చెప్పగా విన్నాను. చేపల పడవల ఇంజన్లు బాగుచేసే యసుయుకి గారు అప్పటికి ఆమెకు భర్త కారు. ఒక పల్లె సత్రంలో ఆమె బస చేసిన గదికి పక్క గదిలో దిగిన అపరిచితుడు మాత్రమే. లెక్కపెట్టి మరునాడు మళ్లీ మడుగులో వదలడానికని ఆమె కొన్ని గుడ్ల సంచులను సత్రం వారి గిన్నెలో నీళ్లు పోసి చల్లని వసారాలో ఉంచారు. తెల్లవారేసరికి సత్రం యజమానురాలు ఆ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మాయ్, ఈ నూడుల్స్ సరిగా ఉడకలేదే! ఇంకాసేపు పొయ్యి మీద పెట్టనా?"

"వద్దండీ, వద్దు! అవి నా ఉద్యోగం!" అంటూ ఆమె నిద్రమొహంతో పరిగెత్తుకొచ్చారట. పక్క గదిలోంచి అది విన్న యసుయుకి గారు, ఉద్యోగాన్ని గిన్నెలో దాచుకున్న ఈ అమ్మాయి ఎవరో చూద్దామని బయటికి వచ్చారు. 1987లో వారి వివాహం జరిగింది.

1988 ఏప్రిల్‌లో ఆమె తీరానికి ఉత్తర కొసన ఉన్న నుషానాయి నదిని చేరుకున్నారు. మంచు కరిగిన వరదకు వంతెన కొట్టుకుపోయింది. ఆనాటి క్షేత్ర పుస్తకంలో ఆమె ఇలా రాసుకున్నారు: "వంతెన లేదు. ఆవలి గట్టు చూడలేదు." మరుసటి వసంతంలో వెళ్దామనుకున్నారు. అప్పుడు తల్లిగారు మంచాన పడ్డారు. ఆ పై సంవత్సరం ఆఫీసు జీపు దక్షిణ భాగానికి కేటాయించబడింది. ఈలోగా పటం అచ్చుకు ఇవ్వవలసిన గడువు వచ్చేసింది. 1991లో వెలువడిన ఆ పటం మన కేంద్రానికి ఎనలేని కీర్తి తెచ్చింది. పాఠశాలల గోడల మీద, పంచాయతీ కార్యాలయాల్లో, రైల్వే స్టేషన్ వేచి ఉండే గదిలో కూడా దాన్ని అతికించారు. ఎర్రని చుక్కలు తీరం వెంట బారులుగా సాగి నుషానాయి దగ్గర ఆగిపోయేవి. ఆవల అంతా తెలుపు. ఆ తెలుపుకు అర్థమేమిటో పటంలో ఎక్కడా రాసి లేదు.

1996లో నేను ఆమెకు సహాయకుడిగా చేరాను. ఇక ఇప్పుడు చెప్పబోయేది ఇన్నాళ్లూ నేను ఎవరితోనూ చెప్పని విషయం.

1998 మార్చి చివరి వారంలో కేంద్రానికి ఆవలి ఊరి పెద్దల నుంచి ఒక లేఖ వచ్చింది. నుషానాయికి ఆవల కామిసావా అనే పల్లె పక్కనున్న పల్లపు నేలను ఆల్చిప్పల గుల్లలతో పూడ్చి, గుల్లలు ఆరబెట్టే మైదానంగా మార్చదలిచారు. అక్కడ సంరక్షించవలసిన ప్రాణులేమైనా ఉన్నాయా అని అడిగారు. జవాబు రాసే పని నాది. పటం చూశాను, తెల్లగా ఉంది. "మా సర్వే ప్రకారం ఆ ప్రాంతంలో సాలమాండర్ల ఉనికి లేదు" అని రెండు వాక్యాలు రాసి, ముద్ర కోసం ఆమె బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అప్పుడు క్షేత్రానికి బయలుదేరే సామాను సర్దుకుంటున్నారు.

"పటం చూశావా ఓబతా?"

"చూశానండీ."

"పాత పుస్తకాలు కూడా తీసి చూశావా?"

ఆమె పుస్తకాలు నూట నలభైకి పైగా ఉండేవి, కింది గదిలో, ఇనుప బీరువాలో. నా బస్సుకు పది నిమిషాలే వ్యవధి ఉంది.

"చూశానండీ" అన్నాను.

పదేళ్ల నాటి గడులన్నీ గుర్తు లేని ఆమె నా మాట నమ్మి తన పేరు ముద్ర వేశారు.

1999 మే నెల రెండవ వారంలో, ఒక ఉదయం, ఎనభై మూడేళ్ల వృద్ధురాలు ఊరగాయ జాడీ ఒకటి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, రెండు బస్సులు మారి మన కేంద్రానికి వచ్చింది. ఆమె కామిసావాలో ఆవుల్ని పెంచుకునే హొరియాయి తొమె అవ్వ. చెప్పులు విప్పకముందే అడిగింది:

"నీటిబల్లుల పటం గీసిందెవరే ఇక్కడ?"

"నేనే అవ్వా. రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. మా మనవరాలి బళ్లో గోడకి అంటించారు నీ పటం. మా ఊరు తెల్లగా వదిలేశావే, మేమంతా చచ్చిపోయామనుకున్నావా?"

జాడీ మూత తీసింది. లోపల, బురదనీళ్లలో, ఒక జత గుడ్ల సంచులు. ఒకవైపు ఎండి ముడుచుకుపోయి ఉన్నాయి.

"నేను కోడలిగా వచ్చిన నాటికే ఉన్నాయివి. మా అత్త కాలంలోనూ ఉన్నాయట. వాటి మడుగుని పోయినేడు గుల్లలతో పూడ్చేశారు. అయినా ఆ పిచ్చివి పుట్టిన చోటికే వచ్చి, లారీ చక్రాల గుంటల్లో నిలిచిన నీళ్లలో గుడ్లు పెడుతున్నాయి. రెండ్రోజులు ఎండ కాస్తే అంతే సంగతులు. ఇక్కడ ఏమీ లేవని మీరే రాసిచ్చారటగా?"

కుమగయి గారు ఒక్క మాట కూడా సంజాయిషీ చెప్పుకోలేదు. "ఎవర్నీ అడగకుండా గీశాను అవ్వా" అని మాత్రం అన్నారు.

"అదే నేనూ చెప్తున్నా. అడిగితే నోరు లేదా మాకు?"

గంటలో ముగ్గురం అక్కడికి చేరుకున్నాం. మైదానంలో సగం అప్పటికే తెల్లగా గుల్లలతో నిండిపోయింది. లారీలు నడిచిన చోటల్లా చారలు చారలుగా గుంటలు, వాటిలో బెత్తెడు లోతు నీళ్లు. ఆ నీళ్లలో, తగిలించుకోవడానికి ఒక పుల్లైనా దొరక్క, విరిగిన గుల్లల అంచులకే అంటించిన గుడ్ల సంచులు. ఒక గుంటలో, ఇంకా వెళ్లిపోని ఒక సాలమాండర్, జానెడు పొడుగున, వీపు సగం నీటికి పైనే ఉండగా కదలకుండా పడి ఉంది. కుమగయి గారు ఆ గుల్లల మీదే మోకరిల్లారు. మోకాళ్లు కోసుకుపోయి రక్తం వస్తున్నా లేవలేదు. లెక్కపెట్టడం పూర్తయ్యేసరికి నూట డెబ్బై మూడు జతలు. వాటిలో నలభై దాకా అప్పటికే ఎండిపోయాయి.

బకెట్ల కోసం కేంద్రానికి తిరిగి వచ్చినప్పుడు ఆమె నేరుగా కింది గదిలోకి వెళ్లి, బీరువా తెరిచి, 1988 నాటి పుస్తకం తీశారు. ఆ పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. చదివి, పుస్తకం మూయకుండానే నావైపు తిరిగారు.

"పుస్తకాలు చూశానన్నావు కదూ?"

"చూడలేదండీ."

ఉద్యోగం పోయిందనుకున్నాను. అంతకంటే ఆమె ముఖంలోకి చూడడమే నాకు కష్టమైంది.

"సరే" అన్నారు పుస్తకం మూస్తూ. "బూట్లు తొడుక్కో. చీకటి పడేలోపల ఎన్ని మోయగలిగితే అన్ని మొయ్యాలి."

ఆ రోజూ మరునాడూ తొమె అవ్వ పచ్చిక బయలు అంచున, అడవి నీడ పడే చోట ఒక మడుగు తవ్వి, మా బకెట్లతో, అవ్వ పాల బకెట్లతో ఆ సంచులన్నీ తరలించాం. అవ్వ కట్టెపుల్లలు ఏరి తెచ్చి నీళ్లలో గుచ్చింది. మధ్యమధ్య వెన్నలో కాల్చిన బంగాళాదుంప బిళ్లలు మా చేతుల్లో పెడుతూ, "తినండి, తిని మొయ్యండి, పాపం చేసినవాళ్లకి ఆకలెక్కువ" అంటూ ఉండేది.

జూన్‌లో ఊరి పెద్దల సమావేశం జరిగింది. నాటి మా పైఅధికారి ఒకరు కుమగయి గారిని పిలిచి, రెండు వాక్యాల ఉత్తరాన్ని ఎవరూ తవ్వి తీయరనీ, సంచులు తరలించాం గనుక ఇక మౌనంగా ఉండడం కేంద్రానికీ ఆమెకూ మంచిదనీ సలహా ఇచ్చారు. ఆ సంవత్సరమే ఆమెకు పదోన్నతి రావలసి ఉంది. ఆమె తలవంచి విన్నారు. సమావేశంలో మాత్రం లేచి నిలబడ్డారు. నేను వెనక వరుసలో కూర్చుని ఉన్నాను.

"నా పటంలో తెలుపు అంటే అక్కడ లేవని కాదు, నేను వెళ్లలేదని. ఆ మాట పటం మీద రాయకపోవడం నా తప్పు. మీకు వచ్చిన ఉత్తరం మీద ముద్ర నాది. ఆ తప్పు కూడా నాదే."

గుల్లల లారీలు తోలించే ఒక పెద్దమనిషి లేచాడు. "మరైతే పోసిందంతా ఇప్పుడు తవ్వి తీయమంటావా ఏంటి?"

"తీసినా ఆ మడుగు తిరిగి రాదండీ. మిగిలిన సగమూ పూడ్చకండి, అంతే నేనడిగేది."

"నిన్నేమో లేవన్నావు, ఇవాళేమో ఉన్నాయంటున్నావు. ఏ మాట నమ్మాలమ్మా నీది?"

"నన్ను నమ్మకండి. నాతో రండి. చూపిస్తాను."

ఆ మరునాటి ఉదయం పదకొండు మంది వెళ్లారు. వారిలో ఆ పెద్దమనిషి కూడా ఉన్నాడు. పచ్చిక బయలు అంచున కొత్త మడుగులో అప్పుడప్పుడే సంచులు చీల్చుకుని బయటపడుతున్న పిల్లల్ని, నీళ్లలో నల్లని కనురెప్పవెంట్రుకల్లా కదిలేవాటిని, ఆయన చాలాసేపు వంగి చూశాడు. ఆ వారంలోనే పూడిక ఆగిపోయింది. మిగిలిన సగం పల్లపు నేల ఇవాళ్టికీ అలాగే ఉంది.

సమావేశంలో ఆమె నా పేరు ఎత్తలేదు. ఆ తరువాత ఇరవై మూడేళ్లలో, కోపంలో గానీ, హాస్యానికి గానీ, మేమిద్దరమే ఉన్నప్పుడు గానీ ఆ ప్రస్తావన తేలేదు. ఆమెకు రావలసిన పదోన్నతి రాలేదు. నాలుగేళ్లపాటు ఆమెను సాల్మన్ చేపల పొదుగుశాలకు మార్చి, గుడ్ల తొట్లకు నీటి వేడి నమోదు చేసే పని అప్పగించారు. అదే ఏడాది నాకు జీతం పెరిగింది. నేను నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు. ఆమెను అభినందించడానికి కూర్చున్న ఈ వ్యాసంలో నా తప్పు రాయడం సంప్రదాయం కాకపోవచ్చు. కానీ ఇది రాయకుండా ఆమె ఎటువంటివారో నేను చెప్పలేను.

పొదుగుశాలలో ఉన్న నాలుగు వసంతాల్లోనూ ఆదివారం ఆదివారం ఆమె సొంత ఖర్చులతో కామిసావా వెళ్లేవారు. యసుయుకి గారు వ్యాను నడిపేవారు. పిల్లగా నీటిలోంచి అడవిలోకి వెళ్లిన సాలమాండర్ పెద్దదై తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అసలు వస్తుందో రాదో ఎవరమూ చెప్పలేం. 2000లో ఆ కొత్త మడుగు ఖాళీ. 2001లో ఖాళీ. 2002లో, 2003లో ఖాళీ. తొమె అవ్వ ప్రతిసారీ కర్ర ఊతంతో గట్టు దాకా వచ్చి, "ఏమే, నీ చుట్టాలు రాలేదా ఈసారి కూడా?" అని అడిగి వెళ్లిపోయేదట.

2004 మే 3వ తేదీన నేనూ అక్కడే ఉన్నాను. అవ్వ స్వయంగా గుచ్చిన ఒక పుల్ల చివర, నీటికి జానెడు లోతున, ఒకే ఒక్క జత గుడ్ల సంచులు వేలాడుతున్నాయి. కుమగయి గారు చెయ్యి పెట్టబోయి ఆగిపోయారు. తాకలేదు. ఎనభై ఎనిమిదేళ్ల తొమె అవ్వ కష్టం మీద వంగి చూసి, ఆ గుడ్లతోనే మాట్లాడింది.

"ఇల్లు కనుక్కోడానికి అయిదేళ్లు పట్టిందా మీకు? పర్లేదులే, మా ఆఫీసు అమ్మాయి కంటే మీరే నయం. ఆవిడకి నది దాటి రావడానికి పదకొండేళ్లు పట్టింది."

కుమగయి గారు నవ్వబోయి ఏడ్చేశారు. ఆమె కంట నీరు చూడడం నాకు అదే మొదలు, అదే తుది. అవ్వ తన చేతి గుడ్డతో ఆమె ముఖం తుడిచి, "పద పద, పాలు కాగుతున్నాయి" అని లోపలికి నడిచింది. ఆ శీతాకాలంలోనే ఆ పుణ్యాత్మురాలు కన్నుమూసింది. ఆ మడుగును నేడు ఆమె మనవరాలు చూసుకుంటున్నారు. గత వసంతంలో అక్కడ అరవై నాలుగు జతలు లెక్కకు వచ్చాయి.

2003లో కేంద్రానికి తిరిగి వచ్చిన నాటి నుంచి కుమగయి గారు పటాన్ని మొదటి గడి నుంచీ మళ్లీ ప్రారంభించారు. ఈసారి పద్ధతి వేరు. ప్రతి పల్లెలోనూ ముందు వృద్ధుల ఇళ్లకు వెళ్లి, కూర్చుని, అడిగి, ఆ తరువాతే అడవిలోకి నడిచేవారు. కనబడిన చోట ఎర్ర చుక్క. వెతికినా కనబడని చోట ఖాళీ వలయం, పక్కనే వెతికిన తేదీ. అసలు వెళ్లని చోట ఏటవాలు గీతలు. 2012లో ఆలస్యంగానైనా విభాగాధిపతి పదవి ఆమెను వరించింది. కిందటేడు వెలువడిన పటంలో నాలుగు వందల పన్నెండు గడులున్నాయి. నూట ముప్ఫై తొమ్మిదింటిలో ఎర్ర చుక్కలు, వాటిలో పంతొమ్మిది నుషానాయికి ఆవలవే. రెండు వందల ఇరవై ఆరింటిలో వలయాలు. మిగిలిన నలభై ఏడింటిలో గీతలు.

అచ్చుకు పంపే ముందు మన యువ సహోద్యోగిని ఒకరు సందేహం వెలిబుచ్చారు. "మేడమ్, మీ పదవీకాలంలో చివరి పటం కదా. ఇన్ని గీతలుంటే మనం పని చెయ్యలేదనుకుంటారేమో."

"చెయ్యలేదు కదమ్మా మరి" అన్నారు కుమగయి గారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఆ నలభై ఏడూ నువ్వు చెయ్యి."

ఈ వ్యాసం సంగతి పోయిన నెల ఆమెకు విన్నవించాను. కామిసావా ఉత్తరం గురించి, నా అబద్ధం గురించి రాయదలిచాననీ, అనుమతి కావాలనీ అడిగాను. ఆమె, "రాసుకో. నీకు బరువు తగ్గుతుందంటే రాసుకో. కానీ పొడుగు చెయ్యకు, అందరికీ భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. ఆమె రెండవ షరతును నేను పాటించలేకపోయానని సభాముఖంగా ఒప్పుకుంటున్నాను. మొదటి మాట మాత్రం నిజమైంది. కుమగయి గారూ, ఇరవై మూడేళ్లు ఆలస్యమైంది. నన్ను క్షమించండి.

మన తీరంలో మంచు కరిగే కాలం ఇంకా మూడు వారాల దూరంలో ఉండగా, పొదుగుశాలలో గడిపిన ఆ నాలుగేళ్లు మినహా ముప్ఫై ఎనిమిదేళ్లలో తొలిసారి, క్షేత్రానికి వెళ్లేవారి జాబితాలో ఆమె పేరు లేదు. వీడ్కోలు కానుకగా ఏమి కావాలని అందరం కలిసి అడిగితే, మోకాళ్లు ఇక వంగనంటున్నాయి గనుక మడుగు ఒడ్డున వేసుకుని కూర్చోవడానికి ఒక మడత పీట కొనిపెట్టమన్నారు. ఈ సాయంత్రం దాన్ని వారికి సమర్పించుకుంటున్నాం. యసుయుకి గారి సాహచర్యంలో, కుమార్తె మిహొ గారి ఆప్యాయతలో, కుమగయి షిజుయే గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నొప్పెరగని మోకాళ్లతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఎవరి గడువూ లేని ఉదయాల్లో నీటి ఒడ్డున తమ ఇష్టం వచ్చినంతసేపు కూర్చోవాలని, అలా కూర్చుని కూర్చుని ఆ పీట కాళ్లు అరిగిపోయి ఇంకొకటి కొనివ్వమని మమ్మల్ని అడగడానికి మళ్లీ మళ్లీ ఈ గుమ్మంలోకి రావాలని, సహోద్యోగులందరి పక్షాన చేతులు జోడించి కోరుకుంటున్నాను.

ఓబత తకుమా
ఉభయచర విభాగం, షిరబెత్సు